మైపాడు దారిలో చెమట గుడిసె: ఆవిరి బాగుంది, రాళ్లు మార్చేదాకా వెళ్లకండి

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, రొయ్యల గుంటలూ సరుగుడు తోటలూ కలిసే చోట ఒక ఫామ్‌స్టే ఉంది. శని, ఆదివారాలు సాయంత్రం అక్కడ ‘లకోటా స్వెట్ లాడ్జ్ సెర్మనీ’ పెడుతున్నారు. మనిషికి 1,800 రూపాయలు. ఆ డబ్బుకి నాలుగు విడతల ఆవిరి, ఒక తువ్వాలు, మజ్జిగ, రాత్రి భోజనం. 4 గంటలకి రమ్మంటారు, 9 కల్లా వదిలేస్తారు. పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివి ఈ తీరంలో ఇంకా వస్తాయి, ఎక్కడికి వెళ్లినా చూసుకోవాల్సినవి ఇవే. మార్కులు అడిగితే భోజనానికి 4, గుడిసెకి 3, రాళ్లకి సున్నా.

ముందు ఆ పేరు సంగతి. లకోటాలు అమెరికాలోని దక్షిణ డకోటా ప్రాంతపు జనం. పైన్ రిడ్జ్, రోజ్‌బడ్, చెయెన్ రివర్, స్టాండింగ్ రాక్ రిజర్వేషన్లలో, అంటే ఆ జనానికి కేటాయించిన ప్రాంతాల్లో, ఎక్కువగా ఉంటారు. వాళ్ల ఏడు పవిత్ర క్రతువుల్లో ఒకటి ఇనిపి. విల్లో చెట్టు లేత కొమ్మలు 12 నుంచి 16 దాకా గుండ్రంగా నాటి, వంచి కట్టి, బోర్లించిన గంపలాంటి గుడిసె చేస్తారు. ఒకప్పుడు దానిమీద అడవి దున్న తోళ్లు కప్పేవాళ్లు, ఇప్పుడు కాన్వాసు, దుప్పట్లు. నడుమ గుంట. ఆ గుంటలోంచి తీసిన మట్టితోనే వాకిలి ముందు చిన్న దిబ్బ పోస్తారు. దానికి ఎదురుగా నెగడు. వాకిలి పడమరకా తూర్పుకా అన్నది ఆ గుడిసె నడిపే పెద్ద నేర్చుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. నెగడులో ఎర్రగా కాలిన రాళ్లను ‘తాతలు’ అంటారు. ఒక్కొక్క తాతనూ లోపలికి తెచ్చి గుంటలో కూర్చోబెట్టి, దేవదారు జాతి ఆకు చల్లి, నీళ్లు పోస్తారు. లోపల కటిక చీకటి, పాట, ప్రార్థన. నాలుగు విడతలు, విడతకీ విడతకీ మధ్య తలుపు ఎత్తుతారు. లోపలికి వంగి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ ‘మితాకుయే ఓయాసిన్’ అంటారు. అందరూ నా చుట్టాలే అని దాని భావం. వేడికి తాళలేనివాడు ఆ మాట అంటే చాలు, తలుపు తీస్తారు.

ఇందులో టికెట్టు ఎక్కడా లేదు. 1883లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన నిబంధనలతో ఆ జనం క్రతువులు శిక్షపడే నేరాలయ్యాయి. 1978లో మత స్వేచ్ఛా చట్టం వచ్చేదాకా చాలా చోట్ల చాటుమాటుగానే చేసుకున్నారు. అలా కాపాడుకున్నదాన్ని బయటివాళ్లు ప్యాకేజీలుగా అమ్ముకుంటుంటే చూడలేక, 1993 జూన్‌లో లకోటాలు, వాళ్ల దగ్గరి బంధువులైన డకోటా, నకోటా జనాల ప్రతినిధులు తమ ఆధ్యాత్మికతను దోచుకునేవాళ్ల మీద యుద్ధమే ప్రకటిస్తూ తీర్మానం చేశారు. ప్రార్థనలో పొగ తాగే పవిత్ర పైపుకి సంరక్షకుడు ఆర్వల్ లుకింగ్ హార్స్ 2003లో దీని గురించే మరో ప్రకటన చేశారు. కాబట్టి మైపాడు దారిలో బోర్డు మీద ‘లకోటా’ అన్న మాట ఉండకూడదు. గేటు దగ్గర ఫొటోల కోసం పెట్టిన ఈకల కిరీటం, గుడిసె ముందు గుచ్చిన నెమలీకలు, స్పీకరులో డప్పు చప్పుడు కూడా తీసేస్తే మంచిది. తీసేస్తే పోయేదేమీ లేదు, ఆవిరి ఆవిరే.

పేరు కావాలంటే మన దగ్గరే ఉంది. చరక సంహిత సూత్రస్థానం 14వ అధ్యాయం మొత్తం చెమట పట్టించడం గురించే. నిప్పుతో చేసే స్వేదాలు 13 రకాలు చెప్పాడు చరకుడు. అందులో కుటీ స్వేదం అంటే మందపాటి గోడల గుండ్రటి గుడిసె, జేంతాకం అంటే నడుమ పొయ్యి పెట్టిన గది, అశ్మఘనం అంటే కాల్చిన రాతి పలక మీద పడుకోబెట్టడం. బోర్డు మీద ‘కుటీ స్వేదం’ అని రాసి, కట్టెలకీ మనుషులకీ భోజనానికీ డబ్బు తీసుకుంటే ఎవరూ వేలెత్తి చూపరు.

టికెట్టు గొడవ ధర్మానిది మాత్రమే అనుకోకండి. గుడిసెలో తేడా ఉన్నవన్నీ తవ్వుకుంటూ పోతే చాలావాటికి వేరు ఆ 1,800 దగ్గరే తేలుతుంది.

గుడిసె సంగతి చూద్దాం. అడ్డకొలత 10 అడుగులు, నడుమ ఎత్తు నాలుగున్నర. కొలత సరైనదే. ఎత్తు పెంచితే ఆవిరంతా పైన నిలిచి, కూర్చున్నవాళ్ల నడుము కింద చల్లగా ఉంటుంది. చట్రానికి వెదురు బద్దలు వాడారు. వెదురు తప్పేమీ కాదుగానీ కణుపు దగ్గర వంగదు, విరుగుతుంది. అందుకే వీళ్ల గుడిసె గుండ్రంగా రాకుండా పలకలు పలకలుగా ఉంది. పైగా బద్ద అంచులు కత్తుల్లా ఉంటాయి, చీకట్లో వీపు ఆనించినవాడికి గీసుకుంటాయి. చుట్టూ అన్ని సరుగుడు తోటలు పెట్టుకుని వెదురు కొనడం ఎందుకో! మొదలు దగ్గర బొటనవేలంత లావుండే పచ్చి సరుగుడు కర్రలు, కొట్టిన రోజే తెచ్చి వంచితే విల్లులా వంగుతాయి. రెండు రోజులు ఎండితే పుటుక్కుమంటాయి. 10 అడుగుల గుడిసెకి మొత్తం 16 కర్రలు, ఒక్కోటి పదిన్నర అడుగులు ఉండాలి. అడుగున్నర భూమిలోకి పోతుంది, ఎదురెదురువి రెండూ పైన కలిసే చోట మూడు అడుగులు ఒకదానిమీద ఒకటి రావాలి. ఆ కలిసే ముక్క తక్కువైతే కప్పు నడుమ గుంటపడి, చెమ్మ అంతా అక్కడ చేరి మనుషుల నెత్తిన కారుతుంది.

ఇక్కడి నేల ఇసుక. అడుగు లోతు నాటితే మొదటి వానకే ఊగిపోతాయి. గడ్డపారతో అడుగున్నర పొడిచి, బంకమట్టి నీళ్లు పోసి, కర్ర దించి కాలితో తొక్కాలి. నడిమి గుంట కూడా అంతే. రెండు అడుగుల వెడల్పు, అడుగు పైన లోతు తవ్వి వదిలేస్తే ఇసుక అంచులు జారి రాళ్ల మీద పడతాయి, పోసిన నీళ్లు రాయికి తగలకుండా ఇసుకలో ఇంకుతాయి. లోపల బంకమట్టి మెత్తి రెండు రోజులు ఆరనివ్వాలి. ఈ పని వీళ్లు చేశారు, చక్కగా చేశారు. గుంట అంచు పొయ్యి అలికినట్టు నున్నగా ఉంది.

కట్లకి నైలాన్ తాడు వాడారు. లోపలి వేడికి అది కరగదులెండి, ఆ భయం అక్కర్లేదు. కానీ తడిసి ఆరేకొద్దీ ముడి జారుతుంది. పురికొస అయితే తడిసినప్పుడు ఉబ్బి బిగుస్తుంది. ముడికి ఎనిమిది పది అణాలు మిగిలితే మిగిలి ఉంటుంది.

అసలు తప్పు పైకప్పులో ఉంది. కింద ఒక వరుస దుప్పట్లు, వాటి మీద రొయ్యల గుంటల అడుగున పరిచే నల్ల ప్లాస్టిక్ షీటు. ఈ ప్రాంతంలో అది చవగ్గా దొరుకుతుంది కాబట్టి కప్పేశారు. అది గాలి పీల్చదు. దుప్పట్లూ కాన్వాసూ తేమను కొంత తాగి, కొంత బయటికి వదులుతాయి. ప్లాస్టిక్ కింద చేరిన ఆవిరికి పోయే దారి లేదు. రెండో విడతకల్లా కప్పు నుంచి వేడి చుక్కలు రాలతాయి, మూడో విడతకి ఊపిరి బరువెక్కుతుంది. నల్లది కావడంతో మధ్యాహ్నం ఎండకే లోపల సగం కాగి ఉంటుంది. నిప్పు పెట్టకముందే లోపలికి చేయి పెట్టి చూస్తే ఎండలో ఆపిన కారు గుర్తొస్తుంది. బదులుగా లారీల మీద కప్పే నూలు బరకం ఒకటి, దాని కింద మూడు వరుసల దుప్పట్లు చాలు. సరిగా కప్పారా అని చూడాలంటే పగలు లోపల కూర్చుని తలుపు మూయించండి. సూది మొనంత వెలుతురు కూడా రాకూడదు, కానీ గుడ్డ దగ్గర నోరు పెట్టి ఊదితే గాలి అవతలికి వెళ్లాలి.

ఇప్పుడు రాళ్లు. గుడిసె వెనక కుప్పగా పోసి ఉన్నాయి, వెళ్లినవాళ్లు తప్పకుండా చూడండి. నున్నగా, గుండ్రంగా, ముచ్చటగా ఉంటాయి. అవి ఏటి గుండ్రాళ్లు. చెమట గుడిసెకి ఇంతకన్నా పనికిరాని రాయి లేదు. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన రాయికి సన్నటి పగుళ్లలో తేమ ఉండిపోతుంది. నిప్పులో పడ్డాక ఆ తేమ ఆవిరై, బయటికి దారిలేక రాయిని పేలుస్తుంది. నెగడులో ‘టప్’మని వినబడితే నిర్వాహకులు “ఏం గాదులే నా, తాత పలుకుతున్నాడు” అని నవ్వుతున్నారు. తాత పలకడం లేదు, పెంకులు ఎగురుతున్నాయి. నెగడు దగ్గర పేలితే కంట్లో పడుతుంది. గుడిసెలోకి తెచ్చాక నీళ్లు పోసిన క్షణంలో పగిలితే మోకాళ్లకి రెండడుగుల దూరంలో 500 డిగ్రీల ముక్క ఎగురుతుంది.

మరి ఏ రాయి వాడాలి? లకోటా ప్రాంతాల్లో దొరికితే లావా రాయి ఏరుకుంటారు. అది నిప్పులోనే పుట్టింది, కాల్పుకి తట్టుకుంటుంది. నెల్లూరు తీరంలో లావా రాయి లేదుగానీ దానికి వరసైన రాయి ఒంగోలు అవతల చీమకుర్తిలో గుట్టలు గుట్టలుగా పడి ఉంది. బ్లాక్ గెలాక్సీ అని దేశదేశాలకీ గ్రానైటు పేరుతో అమ్ముతున్నది నిజానికి గాబ్రో జాతి రాయి, అంటే లావాలాగే కరిగి గట్టిపడ్డది. మామూలు గ్రానైటులో పలుగురాయి (క్వార్ట్జ్) ఎక్కువ. పలుగురాయి 573 డిగ్రీల దగ్గర లోపలి అమరిక మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది, అందుకే గ్రానైటు నాలుగు కాల్పులకే పొరలుగా రాలిపోతుంది. చీమకుర్తి రాయిలో పలుగు చాలా తక్కువ, కాబట్టి ఎక్కువ కాల్పులు నిలుస్తుంది. క్వారీ దగ్గర పక్కన పడేసిన పచ్చి ముక్కలే తీసుకోవాలి. కోత ఫ్యాక్టరీల్లో పాలిష్ చేసిన పలకల ముక్కలు చవగ్గా ఇస్తారు, వాటి జోలికి పోవద్దు. పగుళ్లు పూడ్చడానికి రెజిన్ అనే జిగురు పట్టిస్తారు, అది కాలితే వచ్చే పొగ మూసిన గుడిసెలో పీల్చే రకం కాదు.

మార్కాపురం పలకరాయి పొరలపొరల రాయి, నిప్పులో విస్తరాకులు విడిపోయినట్టు విడిపోతుంది, పేలుతుంది. సైదాపురం వైపు రాళ్లలో అభ్రకం తళుకు ఉంటుంది, ఆ పొరల మధ్య కూడా తేమ చేరుతుంది. ఇసుకరాయి, సున్నపురాయి ఏదీ వద్దు. సిమెంటు కాంక్రీటు ముక్క పొరపాటున కూడా కలవకూడదు.

ఎంచడానికి ఒక చిట్కా. ఒక్కో రాయి 5 కిలోల లోపు, ఒలిచిన కొబ్బరికాయ కన్నా కొంచెం పెద్దది. రెండు రాళ్లు తాటించి వినాలి. కంచు గిన్నెలా ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులు ఉన్నట్టే. తెచ్చాక నెల రోజులు కప్పు కింద ఆరబెట్టాలి. ఇక్కడ ఈశాన్య రుతుపవనంతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుండపోత వానలు, ఆరుబయట పోసిన రాయి ఎంత మంచిదైనా ఆ నెలల్లో నమ్మకూడదు. మొదటి కాల్పు మనుషులు లేకుండా చేసి, 20 అడుగుల దూరంలో నిలబడాలి. పగిలేవి చాలావరకు అప్పుడే పగులుతాయి. మిగిలినవి కూడా అరిగేవే. చేత్తో రుద్దితే ఇసుకలా రాలుతుంటే ఆ తాత రిటైరయ్యాడని అర్థం.

వీళ్ల రాళ్ల మీద ఇంకోటి కనిపించింది, దగ్గరగా చూస్తేగానీ తెలియదు. పైన తెల్లటి పొడి, గోటితో గీకితే వస్తుంది. నాలిక మీద పెడితే ఉప్పు. రొయ్యల గుంటల పక్క బోరు నీళ్లు కదా, వాటినే రాళ్ల మీద పోస్తున్నారు. ఉప్పు ఆవిరిలో కలిసి రాదు, రాయి మీదే మిగిలి దాన్ని తింటుంది. తాగడానికి మాత్రం క్యాను నీళ్లు పెట్టారు. రాళ్లకి కూడా ఒక క్యాను కేటాయిస్తే సరిపోతుంది, సాయంత్రం మొత్తానికి 15 లీటర్లు మించి పట్టవు.

నెగడు పేర్చే కుర్రాడికి పని తెలుసు. కింద రెండు లావుపాటి సరుగుడు దుంగలు, వాటి మీద అడ్డంగా సన్నవి దగ్గరదగ్గరగా, పైన రాళ్లు, చుట్టూ నిలువుగా కట్టెలు గుడారంలా. అడుగు నుంచి గాలి ఆడుతుంది. 25 రాళ్లకి 150 నుంచి 200 కిలోల కట్టె, రెండున్నర గంటలు. సరుగుడు గట్టి నిప్పు ఇస్తుంది. సర్కారు తుమ్మ కూడా అంతే, బొగ్గు ఎక్కువసేపు నిలుస్తుంది. సుబాబుల్ త్వరగా కాలిపోతుంది, ఎక్కువ పోయాలి. రాయి కాలిందా లేదా అన్నది చీకటి పడ్డాక రంగు చూసే చెప్పాలి. ముదురు ఎరుపు కనబడితే దాదాపు 600 డిగ్రీలు. నల్లగా ఉన్న రాయిని తీసుకొస్తే నీళ్లు పోసినప్పుడు చుయ్యిమని ఒక్కసారి ఆవిరై చల్లారిపోతుంది.

రాయిని లోపలికి తెచ్చే తీరులో మాత్రం నిర్లక్ష్యం ఉంది. పంగలకర్రలాంటి ఇనప ఫోర్కుతో తెస్తున్నారు, మంచిదే. కానీ రాయికి అంటుకున్న కణకణలాడే బొగ్గుల్ని దులపడం లేదు. బొగ్గు కాలుతూ ఉంటే కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మూసిన గుడిసెలో, ప్లాస్టిక్ షీటు కింద, నాలుగు విడతల పాటు అది పేరుకుంటుంది. తలనొప్పి, కడుపులో వికారం మొదలైతే జనం వేడికి అనుకుని ఊరుకుంటారు. పచ్చి వేపమండతో రాయిని రెండుసార్లు తుడిచి లోపలికి తేవడానికి పది సెకన్లు పడుతుంది. బొగ్గుల కుంపటి అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ లోపల పెట్టకూడదు.

ఇక నీళ్లూ మనుషుల లెక్క. 5 కిలోల ఎర్రటి రాయి పూర్తిగా చల్లారేలోపు లీటరు కన్నా కొంచెం తక్కువ నీటిని ఆవిరి చేయగలదు. ఒక లీటరు నీళ్లు 1,700 లీటర్ల ఆవిరి అవుతాయి. ఈ కొలతల గుడిసె లోపలి ఖాళీ మొత్తం ఆరున్నర వేల లీటర్ల చిల్లర. అంటే లీటరు చెంబుడు నీళ్లు ఒక్కసారిగా గుమ్మరిస్తే గుడిసెలో నాలుగో వంతు ఆవిరే. అందుకే చిన్న గరిటెతో, చుక్కలు చిందినట్టు పోస్తూ, మధ్యలో ఇరవై ముప్పై సెకన్లు ఆగాలి. ఇక్కడ చెంబుతో పోస్తున్నారు. ఆవిరి పైకప్పు తగిలి వెనక్కి తిరిగి వీపుల మీద పడుతుంది, ముందు చర్మం చురుక్కుమనేది అక్కడే.

ఫిన్లాండ్ సౌనాలో 80, 90 డిగ్రీలు ఉన్నా గాలి పొడిది, చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ 45, 50 డిగ్రీల తడి గాలి. ఒంట్లో వేడి పోవడానికి చెమట ఆరాలి, ఆరే దారి లేదు. పైగా ఆవిరి చర్మం మీదే నీరుగా మారి, ఆ మార్పులో ఇంకా వేడి వదులుతుంది. నెల్లూరు ఉక్కపోతలో బట్టలు ఎందుకు ఆరవో తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

10 అడుగుల గుడిసెలో గుంట పోగా గోడ వారగా కూర్చునే చుట్టుకొలత 25 అడుగులు. మనిషికి రెండడుగులు వేసుకుంటే 12 మంది. ఈ ఆదివారాల్లో 18 మందిని కూర్చోబెడుతున్నారు. ఎందుకంటే ఒక విడత నెగడుకి అంత కట్టె కాలిపోతుంది, టికెట్లు ఎక్కువైతేనే గిట్టుబాటు. ఆరుగురు ఎక్కువైతే ముందు వరుస ఒకటి తయారవుతుంది. వాళ్ల మోకాళ్లు గుంట అంచున ఉంటాయి. వాకిలికి ఎదురుగా చిట్టచివర కూర్చున్నవాడు బయటికి రావాలంటే ఏడెనిమిది మందిని దాటాలి, చీకట్లో, కాలిన రాళ్ల పక్కగా. విడత ఒక్కోటి 25 నిమిషాలు నడుపుతున్నారు. 10 నుంచి 15 చాలు. మధ్యలో తలుపు పూర్తిగా ఎత్తి ఐదు నిమిషాలైనా ఉంచాలి, వీళ్లు రాళ్లు తేవడానికి ఎంత సందు కావాలో అంతే ఎత్తుతున్నారు.

రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: మధ్యలో లేచిపోతే డబ్బు వాపసు లేదు. ఈ ఒక్క లైను చాలు ప్రమాదానికి. డబ్బు కట్టినవాడు ఓర్చుకుంటాడు, పక్కవాడు కూర్చున్నాడని ఇంకా ఓర్చుకుంటాడు. 2009 అక్టోబరు 8న అరిజోనాలోని సెడోనా దగ్గర ఒక వ్యక్తిత్వ వికాస గురువు సరిగ్గా ఇలాంటి గుడిసె కట్టి, 50 మందికి పైగా కూర్చోబెట్టి, దాదాపు రెండు గంటలు నడిపాడు. ఆ ఐదు రోజుల శిబిరానికి మనిషికి పదివేల డాలర్ల దాకా వసూలు చేశాడు. ముగ్గురు చనిపోయారు, మరెందరో ఆసుపత్రి పాలయ్యారు. 2011లో కోర్టు అతన్ని నిర్లక్ష్యంతో ప్రాణాలు తీసిన నేరం కింద దోషిగా తేల్చి రెండేళ్ల జైలు వేసింది. అక్కడా ఇక్కడా సమస్య ఒకటే: బయటికి వెళ్లడం ఓటమి అనిపించేలా నడపడం. ఇనిపిలో తలుపు తీయమని అడగడానికి ఒక మాటే ఏర్పాటు చేసి పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

ఆరోగ్యం గురించి ఇచ్చే ఫారంలో పేరు, ఫోను నంబరు, తిండిలో శాకాహారమా మాంసాహారమా అని మాత్రమే అడిగారు. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని లేదు. నీరు తీసే మాత్రలు, గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవాళ్లకి ఈ వేడి ప్రమాదం. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు, జ్వరం తగ్గి వారం కానివాళ్లు, ఆ రోజు మందు తాగినవాళ్లు వెళ్లకూడదు. షుగరు ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా వెళ్లొద్దు. కరపత్రంలో ‘ఒంట్లోని విషాలన్నీ చెమటలో పోతాయి’ అని ఉంది. ఆ పని మూత్రపిండాలూ కాలేయమూ చేస్తాయి, చెమటలో పోయేది నీరూ ఉప్పూ. ‘ఒక్క రాత్రిలో కిలో బరువు’ కూడా అంతే. పోయిన కిలో లీటరు నీళ్లు, రెండు గ్లాసుల మజ్జిగతో సగం తిరిగొస్తుంది.

తల తిరగడం, వికారం, కాళ్లలో పట్టేయడం వస్తే బయటికొచ్చి పడుకుని కాళ్లు ఎత్తుగా పెట్టుకుంటే సర్దుకుంటుంది. మాట తడబడుతున్నా, ఎక్కడున్నాడో తెలియకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా నీళ్లు గుమ్మరించాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టి విసరాలి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. నెల్లూరు పెద్ద ఆసుపత్రులకి ఇక్కడి నుంచి ఇరవై కిలోమీటర్ల పైనే. రొయ్యల గుంటల ఊళ్లో ఐసుకి కరువు లేదు, గుడిసె పక్కన ఒక థర్మకోల్ పెట్టె నిండా ఐసు పెట్టుకోవడానికి అడ్డమేమిటో తెలియదు. ఇప్పటికైతే ఐసు లేదు, అడిగితే తెప్పిస్తామన్నారు.

సువాసన కోసం రాళ్ల మీద సాంబ్రాణి వేస్తున్నారు, నీలగిరి తైలం చుక్కలు కూడా. సాంబ్రాణి పూజగదిలో బాగుంటుంది, మూసిన గుడిసెలో దగ్గు తెప్పిస్తుంది. తైలం నేరుగా ఎర్రటి రాయి మీద పడితే భగ్గుమంటుంది. బాలింతలకి కాచే నీళ్లలో వేసినట్టు గుప్పెడు వావిలాకు పోసే నీళ్ల బకెట్లో వేసి ఉంచితే చాలు, వాసనా హాయీ రెండూ వస్తాయి. నేల మీద పరిచిన వేపమండలు మాత్రం బాగున్నాయి, చల్లగా, శుభ్రంగా, ఇసుక అంటకుండా.

భోజనం గురించి ఫిర్యాదు లేదు. వేడినుంచి వచ్చిన వెంటనే ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, సబ్జా గింజల నీళ్లు ఇస్తున్నారు, అరగంట ఆగాకే అన్నం. మామిడికాయ వేసిన చేపల పులుసు, రసం, పెరుగు. కడుపు కాలి ఉంటుంది కాబట్టి పులుసు మీద దాడి చేయాలనిపిస్తుంది, ముందు రసం అన్నం తినండి. మజ్జిగ నచ్చనివాళ్లు సొంతంగా కలుపుకోవచ్చు: లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, తల కొట్టి.

వెళ్లాలనుకుంటే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. ఏప్రిల్, మే నెలల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో బుకింగులు తీసుకోవడం వాళ్ల తప్పు, వెళ్లడం మన తప్పు. మధ్యాహ్నం తేలిగ్గా తిని, 4 లోపు లీటరున్నర నీళ్లు తాగి ఉండండి. నూలు బట్టలు వేసుకోండి, పాలిస్టరు ఆవిరికి ఒంటికి అతుక్కుని చురుకు పుట్టిస్తుంది. గొలుసులు, కాళ్ల పట్టీలు, కళ్లద్దాల ఫ్రేములు బయటే పెట్టండి, లోహం కాలుతుంది. లోపలికి వెళ్లేటప్పుడు వాకిలికి దగ్గరగా చోటు అడగండి.

ఫోనులో బుక్ చేసేటప్పుడు నాలుగు అడగండి. రాళ్లు ఎక్కడివి, ఎంతమందిని కూర్చోబెడతారు, కప్పు మీద ఏముంది, మధ్యలో వస్తే డబ్బు వెనక్కి ఇస్తారా? రాళ్ల గురించి అడిగినప్పుడు “ఏటి రాళ్లే సార్, చూడ్డానికి భలే ఉంటాయి” అంటే ఆ సాయంత్రం బీచికే వెళ్లండి.